తొంభై మూడు రోజులు

పదకొండింటికి లోపలికి పిలుస్తామన్నారు. ఇప్పుడు పదీ పది. ఇంకా యాభై నిమిషాలు ఈ వరండాలో, ఈ బల్ల మీద కూర్చోవాలి, చేతిలోని ఏడు కాగితాలు గాలికి ఎగిరిపోకుండా పట్టుకోవాలి. ఆషాఢంలో అనంతపురానికి గాలి కొదవ లేదు, కొదవంతా వానకే. పొద్దున్నుంచీ మబ్బులు పడమటి నుంచి వస్తున్నాయి, మా మీదుగా ఎవరో పిలిచినట్టు తూర్పుకు పోతున్నాయి. ఏడు కాగితాల మీద ముప్పై ఎనిమిది వ్యాసాల పేర్లు ఉన్నాయి, అన్నీ నేను రాసి అచ్చయినవి, కొన్ని ఒక్కదాన్నే, చాలావరకు పదిమందితో కలిసి. ఇరవై మూడు కీళ్ల జబ్బుల మీద, పద్నాలుగు ఆరోగ్య అర్థశాస్త్రం మీద, మిగిలిన ఒక్కటీ దిద్దుబాటు. ఆ ఒక్కదాని గురించే లోపల అడుగుతారని నాకు తెలుసు. కుందుర్పి, కంబదూరు, శెట్టూరు, బెళుగుప్ప, రాప్తాడు, ఈ ఐదు మండలాల ఆసుపత్రుల్లో నెలకు రెండుసార్లు నడిచే కీళ్లవాతం క్లినిక్కులు ఉండాలా పోవాలా అన్నది ఈ రోజు ఈ తలుపు వెనక తేలుతుంది. రాజధాని నుంచి వచ్చిన కమిటీ, ఐదుగురు మనుషులు. డాక్టర్ చౌడేశ్వరి ప్రచురణల జాబితా తీసుకుని రావలెను అని రాశారు, తీసుకొచ్చాను.

చౌడేశ్వరి. మా ఊరి దేవత పేరు. మొదటి వ్యాసం పంపేటప్పుడు మా గురువుగారు ఈ పేరు పైవాళ్ల నోరు తిరగదమ్మా, పొట్టిగా చేసి పంపు అన్నారు. నేను ఒక్క అక్షరం కూడా తీయలేదు, తిరగకపోతే నేర్చుకుంటారు, మేము వాళ్ల జబ్బుల పేర్లు నేర్చుకోలేదా. ఆ మొదటిది పేజీన్నర ఉంటుంది అంతే, ఒకే ఒక్క రోగి కథ, పంతొమ్మిదేళ్ల పిల్ల, జ్వరం, కీళ్ల వాపు, బుగ్గల మీద ఎర్రటి మచ్చ, ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు పెట్టిన జబ్బు. నా పేరు రెండో స్థానంలో పడింది. పత్రిక వచ్చిన రోజు హాస్టల్ గదిలో ఆ పేజీని ఎన్నిసార్లు తెరిచానో, వాసన కూడా చూశాను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ సిగ్గు మాత్రం రాదు. చదువు అయ్యాక అనంతపురం తిరిగి వెళతానంటే తోటివాళ్లు ఆశ్చర్యపోయారు. కీళ్ల డాక్టరు ఆడ ఎవరిక్కావాలి, అది గుండె డాక్టరైనా నిలవని ఊరు అన్నారు. వాళ్లకు తెలియనిది నాకు తెలుసు. మా కుందుర్పి వైపు ముప్పై అయిదేళ్లు దాటిన ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లెవరూ ఆ మాట అడగరు. ఎండకు గట్టిపడ్డ ఎర్రనేలలోంచి చెనిక్కాయ చెట్లు, అదే వేరుశనగ, పీకీ పీకీ వేళ్లు వంగిపోయాయని అందరూ అనుకునేవాళ్లు, కష్టానికి వంగినవనే అనుకునేవాళ్లు, కొందరివి కష్టానికి వంగినవే, కొందరివి జబ్బుకు వంగినవి. ఆ రెండింటినీ విడదీయడమే నా ఉద్యోగం అయింది.

ఆరో నంబరు వ్యాసం దగ్గర వేలు ఆగుతుంది ఎప్పుడూ. కీళ్లవాతం మనిషిని ఎంత లొంగదీసిందో కొలవడానికి విదేశాల్లో తయారైన ప్రశ్నల పట్టిక ఒకటుంది, ప్రపంచమంతా అదే వాడుతుంది. కారెక్కి దిగగలరా, పాల డబ్బా మూత చించి తీయగలరా, ఇల్లు ఊడ్చే మిషను నడపగలరా. మొదటి ఏడాది నేను వాటినే తెలుగు చేసి కుందుర్పి ఆసుపత్రిలో ఆడవాళ్లను అడిగాను, ముందు ఓపిగ్గా విన్నారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత సుబ్బలక్ష్మమ్మ అనే ఆమె, కారు మా ఊరికి ఎలక్షన్లకే వస్తుంది డాక్టరమ్మా, అప్పుడుగూడా మమ్మల్ని ఎక్కించుకోరు అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ పట్టికను ఆ సాయంత్రమే పక్కన పెట్టేశాను. రెండేళ్లు పట్టింది కొత్తది చేయడానికి. తడి ఆరిన నేలలో చెట్టు పీకగలవా, కాయ వొలవగలవా, సంగటి కెలకగలవా, బిందె నడుముకెత్తుకోగలవా, నీ జడ నువ్వు వేసుకోగలవా. చివరిది నర్సు కృపాకుమారి చేర్చింది. చెయ్యి పైకి లేవని ఆడదానికి అన్నిటికన్నా అవమానం అదే మేడం, జడ వెయ్యమని కోడల్ని అడగడం అంది. ఆ పట్టికను ఇప్పుడు మెట్టనేలలుండే రెండు పరాయి దేశాల్లో వాళ్ల పంటల పేర్లు పెట్టి వాడుతున్నారు. వాళ్లు రాసిన వ్యాసాల చివర నా పేరుంటుంది, నా పక్కన కృపాకుమారి పేరుంటుంది. కుందుర్పి ఆసుపత్రి నర్సు పేరు వ్యాసం మీద ఎందుకని అప్పట్లో దాని మీద తన పేరూ ఉన్న ఒక పెద్దాయన అడిగారు, మీ పేరెందుకుండాలో చెప్పండి సార్, అప్పుడు ఆమె పేరు తీసేస్తాను అన్నాను. ఆయన నాతో రెండేళ్లు మాట్లాడలేదు, ఆ రెండేళ్లూ నాకు పని బాగా సాగింది.

అటెండరు తిప్పేష్ టీ తెచ్చి బల్ల మీద పెట్టి, లోపల ఇంకా ఎవరిదో పైపుల పథకం నడుస్తోందని, అయ్యేటప్పటికి పదకొండున్నర అయినా అవుతుందని చెప్పి, వెళ్లబోయి ఆగి తన కుడి మోకాలు చూపించాడు. వయసు నొప్పే, మందు అక్కర్లేదు, మెట్లు తగ్గించు అన్నాను, మూడో అంతస్తు ఆఫీసులో పనిచేసేవాడికి ఆ సలహా ఇచ్చినందుకు ఇద్దరం నవ్వుకున్నాం. టీలో అల్లం ఎక్కువైంది. పద్నాలుగో నంబరు నాకు చాలా ఇష్టమైనది, చిన్నది, నాలుగు పేజీలు. కీళ్లవాతానికి ఇచ్చే అసలు మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా పొరపాటు పడేవాళ్లు. అప్పుడు సంత దినం మాత్ర అని పేరు పెట్టాం, ఏ ఊరివాళ్లకు ఆ ఊరి సంత రోజు. సంత వారానికి ఒక్కసారే వస్తుంది, దాన్ని ఎవరూ మరిచిపోరు. మూడేళ్లలో ఒక్క పొరపాటూ జరగలేదు. అచ్చుకు ముందు ఆ వ్యాసాన్ని పత్రిక తరఫున చదివి తీర్పు చెప్పిన, పేరు తెలియని పరాయి దేశపు మనిషి, ఇంత తేలికైన సంగతి మాకెందుకు తోచలేదు అని రాశాడు. ఆ వాక్యం నాకు నోటికి వచ్చు, ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఈ వరండాలో నాకు నేనే చెప్పుకుంటున్నాను.

డాక్టరుకు అర్థశాస్త్రమెందుకు అని లోపల ఎవరో ఒకరు అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు. బయమ్మ వల్ల. బయమ్మది కుందుర్పికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె, నాలుగెకరాల మెట్ట, భర్త లేడు. ఆమె రెండు మణికట్లూ వాచి ఉన్నాయి. జబ్బు గురించి, మాత్ర గురించి, నొప్పి ఎంత తగ్గుతుందో పదికి ఎన్ని పాళ్లో బొమ్మ వేసి మరీ చెప్పాను. అంతా విని, "నొప్పి సంగతి అట్లుండనీ అమ్మా. నొప్పి నాకు అలవాటే. ఈ మాత్ర తింటే ఏడాదికి ఎన్ని దినాలు చేన్లోకి పోతానో అది చెప్పు" అంది. నేను చెప్పలేకపోయాను. పుస్తకాల్లో వెతికాను, యాడా లేదు, వాపు ఎంత, రక్తంలో ఏముంది, ఎముక ఎంత అరిగింది, అన్నీ ఉన్నాయి, బయమ్మ అడిగింది లేదు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో దూరవిద్యలో ఆరోగ్య అర్థశాస్త్రం చదవడానికి చేరాను, పరీక్ష హాల్లో నా పక్క కుర్రాడు నన్ను ఇన్విజిలేటరనుకుని అడిషనల్ షీటు అడిగాడు. ఆ లెక్కలన్నీ రూపాయల్లో ఉండేవి. నేను రోజుల్లోకి మార్చుకున్నాను. మా వైపు ఆడవాళ్లు బతుకును రోజుల్లోనే చెప్తారు, ఇన్ని దినాలు పోయినాను, ఇన్ని దినాలు పోలేదు అని.

అలా వచ్చింది పంతొమ్మిదో నంబరు. రెండు వందల పన్నెండు మంది ఆడవాళ్లు, ఏడాది పొడుగునా నెలకోసారి వాళ్ల ఇంటికి పోయి ఈ నెల ఎన్ని రోజులు పని చేయలేదని అడగడం. నేనూ, కృపాకుమారీ, గణాంకాలు చూసే వంశీకృష్ణ. మందు అందని కీళ్లవాతం ఒక ఆడమనిషి దగ్గర ఏడాదికి నూట నలభై ఒక్క రోజులు లాక్కుంటుందని తేల్చాం. నూట నలభై ఒకటి. ఆ అంకె నాకన్నా ముందు ఊళ్లు తిరిగింది, సభల్లో చెప్పారు, నివేదికల్లో ఎక్కింది, ఐదు క్లినిక్కులు పెట్టమన్న ఉత్తర్వులో మొదటి పేరాలో ఉంది. ఒక సమావేశంలో నన్ను నూట నలభై ఒకటి మేడం అని పరిచయం చేశారు. ఇంటికొచ్చి అద్దం ముందు ఆ మాట అనుకుని చూసుకున్నాను, బాగానే అనిపించింది.

మూడేళ్ల తర్వాత ఒక బుధవారం, కుందుర్పిలో రోగులంతా వెళ్లాక, కృపాకుమారి రిజిస్టరు మూయకుండా నిలబడింది. రెండు వారాలుగా ఏదో మింగుతూ తిరుగుతోందని నేను గమనించాను, ఇంటి గొడవేమో అనుకున్నాను. "ఒకటి చెప్తా మేడం, కోప్పడొద్దు. మనం లెక్క తీసిన ఏడాది ఆగస్టులో, సెప్టెంబర్లో ఊర్లో ఎవురికీ పని లేదు. వాన రాలేదు, విత్తనమే పడలేదు. బాగుండేటోళ్లు గూడా ఇంట్లోనే కూచున్నారు. ఆ దినాలన్నీ మనం రోగం కింద రాసినాము" అంది. వేరే పని కోసం జబ్బు లేని ఇరుగుపొరుగు ఆడవాళ్ల దగ్గర అదే ఏడాది వివరాలు రాస్తుంటే ఆమెకు కనపడిందట. నాకు ముందు వచ్చింది కోపమే, చెప్పొద్దూ, ఆమె మీద. కరువు నేలలో పుట్టిన నాకు, వాన రాని ఏడాది చేలల్లో పని ఉండదని ఒక నర్సు చెప్పాలా. మరుసటి రోజంతా ఫోన్ ఎత్తలేదు. ఎవరి మీద కోపమో తెలిసేటప్పటికి ఇంకో రోజు పట్టింది. తర్వాత ఇద్దరం కూర్చుని రెండు వందల పన్నెండు కాగితాలూ మళ్లీ తెరిచాం, ఒక్కొక్క రోగి పక్కన అదే వీధిలో అదే వయసులో ఆరోగ్యంగా ఉన్న ఒకామెను పెట్టి చూశాం, నాలుగు వారాలు. వాన తీసుకున్న రోజులు వానకు, జబ్బు తీసుకున్న రోజులు జబ్బుకు. తొంభై మూడు మిగిలింది.

వంశీకృష్ణ చెడ్డవాడు కాదు, ఆ మాట గట్టిగా అనుకోవాలి. ఎవరూ అడగలేదు కదా మేడం, క్లినిక్కులు నడుస్తున్నాయి, ఐదు వందల మంది మందు తింటున్నారు, ఇప్పుడు మనమే పోయి తప్పని రాస్తే ఆ ఉత్తర్వు ఏమవుతుందో ఆలోచించినారా అన్నాడు. ఆలోచించాను, వారం రోజులు అదే ఆలోచించాను. మౌనంగా ఉండి ఐదు వందల మందిని కాపాడొచ్చు, అందులో న్యాయం లేదని నేను అనలేను ఇప్పటికీ. కానీ బయమ్మ నన్ను అడిగింది ఒక అంకె, నేను ఆమెకు ఇచ్చింది తప్పు అంకె. ఆమె దాన్ని నమ్మి ఏడాదికి అన్ని రోజులు వెనక్కి వస్తాయని లెక్కేసుకుని ఉంటుంది. పత్రికకు ఉత్తరం రాశాను, పొరపాటు ఇదీ, జరిగింది ఇలా, సరైన అంకె ఇదీ, దీన్ని గుర్తించినది కృపాకుమారి, కుందుర్పి. మూడు నెలలకు అచ్చయింది, అర పేజీ. అదే ఇరవై నాలుగో నంబరు. జాబితాలో దాన్ని చేర్చనక్కర్లేదు, చాలామంది చేర్చరు, నేను మిగతా వాటితో సమానంగా నంబరు వేసి చేర్చాను. ఆ ఏడు ఒక పెద్ద సభకు పిలిచినవాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. ఇంకో సభలో నూట నలభై ఒకటి అని నన్ను పరిచయం చేస్తుంటే లేచి మైకు అడిగి, తొంభై మూడండీ అన్నాను. కూర్చున్నాక తెలిసింది నేను చిన్నగా నవ్వుతున్నానని.

నిన్న సాయంత్రం నాయన ఈ కాగితాలు చూసి ఇవి ఏందని అడిగాడు. ఎనభై ఏళ్లు, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు, ఇంగ్లీషు రాదు. ఒక్కో పేరూ తెలుగు చేసి చెప్పాను, సంత దినం మాత్రకు తల ఊపాడు, ప్రశ్నల పట్టికకు ఇంకొంచెం ఊపాడు. దిద్దుబాటు దగ్గర ఆగమన్నాడు, మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. "నీ తప్పు నువ్వే అచ్చేయించుకున్నావా పాపా" అన్నాడు. అవును నాయనా అన్నాను. మంచం మీంచి లేచి కండువా దులుపుకుని బయటికి పోయాడు. పక్కింటి ఓబుళేసుతో గోడ మీంచి ఏదో చెప్తున్నాడు, మాటలు సరిగా వినపడలేదు, గొంతు మాత్రం నాకు మెడిసిన్ సీటు వచ్చిన రోజు ఉన్నట్టే ఉంది.

పదకొండూ ఇరవైకి పిలిచారు. పొడుగాటి బల్లకు అటు ఐదుగురు, మధ్యలో రిటైరైన పెద్ద అధికారి మల్లికార్జునయ్య, ఆయన మాటలో హిందూపురం వైపు యాస ఉంది. ఆయన పక్కన నాగరత్నమ్మ, అర్థశాస్త్రం ప్రొఫెసరు, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని నా ఏడు కాగితాలనూ ముందే చదివి గీతలు గీసి ఉంది. ఆయన సూటిగానే అడిగాడు.

"ఏమ్మా, ఆ పొద్దు నూట నలభై ఒకటి అన్నారు. ఈ పొద్దు తొంభై మూడు అంటాండారు. రేపు ఏమంటారు?"

"రేపు ఇంకా తక్కువని తేలితే అదే చెప్తాను సార్" అన్నాను. "ఈ పొద్దుకు నాకు తెలిసింది తొంభై మూడు. మూడు నెలల బతుకు అది."

ఆయన నాగరత్నమ్మ వైపు చూశాడు. ఆమె దిద్దుబాటు కాగితం పైకి తీసి, ఎవరు పట్టుకుంటే వేశారని అడిగింది. బయటివాళ్లెవరూ పట్టుకోలేదు, మా నర్సే చెప్పింది, పేరు అందులోనే ఉంది అన్నాను. ఆమె ఆ అర పేజీని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది, ఇంగ్లీషులో చదివి, కృపాకుమారి, కుందుర్పి అన్న దగ్గర మాత్రం తెలుగులో మాట్లాడుతున్నట్టు పలికింది. ముప్పై ఏళ్లుగా ఇట్లాంటి జాబితాలు చూస్తాండాను, ఇది పెట్టిన మనిషిని చూడలేదు అని పక్కనున్నాయనతో అంది, నాతో కాదు. ఆ తర్వాత ప్రశ్నలు మందుల మీద, మనుషుల మీద, దూరాల మీద. పది నిమిషాలు బయట ఉండమన్నారు, మళ్లీ పిలిచారు. కుందుర్పి, కంబదూరు, శెట్టూరు ఉంటాయి, మూడేళ్ల దాకా. రాప్తాడు అనంతపురానికి దగ్గరే కాబట్టి అక్కర్లేదు. బెళుగుప్పకు ఈ లెక్కతో సాధ్యం కాదు.

బెళుగుప్పలో నలభై నలుగురు రోగులు ఉన్నారు, ముఖాలతో సహా నాకు తెలుసు. పాత అంకె అలాగే ఉండి ఉంటే ఐదూ నిలిచేవా. నిలిచేవేమో. ఆ ఆలోచన వచ్చింది, వచ్చినదాన్ని తోసేయలేదు, అది ఇంకా చాలా రోజులు నాతో ఉంటుంది. లేచి నిలబడి ఒక్కటి అడిగాను, మూసిన రెండు చోట్లా ఈ ఏడాది వాళ్లు ఎన్ని రోజులు పోగొట్టుకుంటారో కొలవడానికి అనుమతి కావాలి, లెక్క ఎటు తేలినా మీకే ముందు పంపుతాను అన్నాను. మల్లికార్జునయ్య ఒక తెల్లకాగితం నా వైపు జరిపి, రాసియ్యమ్మా అన్నాడు. అక్కడే నిలబడి రాసిచ్చాను.

బయట గాలి అలాగే ఉంది. ఈ రోజు క్లినిక్ రోజు, కృపాకుమారి ఫోన్ ఎత్తేటప్పటికి వెనక మనుషుల గోల వినిపించింది. మూడు నిలిచాయని, రెండు పోయాయని చెప్పాను. బెళుగుప్ప రోగుల్లో ఇద్దరు ఆమెకు చుట్టాలు. సోమవారం నుంచి అక్కడికి కాగితాలతో పోదామన్నాను, ప్రతి రోగి పక్కన ఒక బాగున్న మనిషి, మొదటి రోజు నుంచే. ఈ వ్యాసం మీద మొదటి పేరు నీది, నాది చివర అన్నాను.

ఆమె అడిగింది. "మొదటి పేరంటే, తప్పొస్తే నన్నే అడుగుతారు కదా మేడం?"

"నిన్నే అడుగుతారు."

"అయితే ఎయ్యండి" అంది. క్లినిక్‌లో వరసగా నిలబడ్డవాళ్లలో ఎవరినో కూర్చోమని చెప్పి, మళ్లీ ఫోన్ దగ్గరికొచ్చి, తన ఇంటిపేరు కూడా పూర్తిగా వెయ్యాలని, పొట్టిగా చెయ్యొద్దని చెప్పి పెట్టేసింది.